బళ్ళారి రోడ్డు మెస్సు: మ్యాచ్ ఆడొచ్చిన ఆడపిల్లలకు ఎట్లుంటుందంటే

అనంతపురంలో ఇంతకంటే రుచిగా ఉగ్గాని (నానబెట్టిన బొరుగుల తాలింపు) బజ్జీ పెట్టేచోట్లు ఉన్నాయి. రుచి కోసం వెతికేవాళ్ళు ఈ రివ్యూ ఇక్కడే ఆపేయొచ్చు. నేను పీఈటీని, బడిలో ఆటల టీచర్‌ని. జెర్సీల చెమట ఆరకముందే పద్దెనిమిది మంది ఫుట్‌బాల్ పిల్లల్ని వెంటేసుకుపోయి కూర్చోబెట్టడానికి ఏ చోటు మంచిదన్నదే నా లెక్క. ఆ లెక్కన బళ్ళారి రోడ్డులోని ఈ మెస్సుకు ఐదుకు నాలుగు. బోర్డు లేదు. వేపచెట్టు కింద నీలం రేకుల షెడ్డు, పక్కన పంక్చర్ అంగడి.

మొదట వేగం గురించి. విజిల్ పడంగానే ఫోన్ చేస్తే, మేం ఆటోలు దిగేసరికి బాండిలి పొయ్యి మీద ఉంటుంది. ఇది ఎందుకింత ముఖ్యమంటే, పెద్ద స్థాయి మహిళల మ్యాచ్‌లో ఒక్కో క్రీడాకారిణి 90 నిమిషాల్లో సుమారు 10 కిలోమీటర్లు తిరుగుతుంది. అదీ ఒకే తీరు పరుగు కాదు. నడక, ఉరుకు, టక్కున ఆగడం, మలుపు, ఎగిరి తలతో బంతి కొట్టడం. గుండె సగటున తన గరిష్ఠ వేగంలో 85 శాతం దగ్గర కొట్టుకుంటుంది. కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్, అంటే పిండిపదార్థం నిల్వ, కరిగిపోయి, ఆఖరి విజిల్‌కు చాలా కండర పోగులు దాదాపు ఖాళీ అయిపోతాయి. స్ప్రింటు, జంపు మళ్ళీ పూర్తిగా అందుకోవడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు. ప్రపంచకప్‌లో మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య ఆ రోజులుంటాయి, వెంట న్యూట్రిషనిస్టు ఉంటాడు. మా పిల్లల ఆట 90 నిమిషాలు ఉండదు కానీ, పొద్దున లీగు, సాయంత్రం సెమీస్. న్యూట్రిషనిస్టు అంటే ఈ మెస్సు అక్కే.

మళ్ళీ ఆట దగ్గర్లో ఉంటే, మొదటి కొన్ని గంటలు కిలో బరువుకు గంటకు 1 నుంచి 1.2 గ్రాముల పిండిపదార్థం తినాలంటారు. అంటే 50 కిలోల పిల్లకు గంటకు 50, 60 గ్రాములు. ప్లేటు ఉగ్గానికి 60 గ్రాముల బొరుగులు పడితే అందులోనే 50 దాకా వచ్చేస్తుంది. నానబెట్టిన బొరుగులు మెత్తగా, తేలిగ్గా దిగుతాయి. అలసటతో అన్నం మొహం చూడలేని పిల్ల కూడా ఉగ్గాని వద్దనదు. పైన పుట్నాల పొడి, నిమ్మరసం. ప్లేటు ముప్పై రూపాయలు.

బజ్జీ దగ్గరే మాకూ అక్కకూ పేచీ. నూనె ఎక్కువైతే కడుపు ఖాళీ కావడానికి ఆలస్యమవుతుంది, సెమీస్‌లో కాళ్ళకు బదులు కడుపు పరుగెత్తుతుంది. "బజ్జీ లేకుండా ఉగ్గాని పెట్టినానంటే నా పరువు యాడుంటాది మేడం" అంటుంది. చివరికి ఒప్పందమేమంటే, ఇంకో మ్యాచ్ ఉంటే బజ్జీ బదులు రెండు ఉడకబెట్టిన గుడ్లు. ఫైనల్ అయ్యాక ఎన్ని తిన్నా నేను చూడను. గుడ్డుకు 6 గ్రాముల ప్రోటీన్. మ్యాచ్ తర్వాత 20 గ్రాములు కావాలి కాబట్టి గుడ్లతోనే సరిపోదు, అందుకే వేయించిన బుడ్డలు (వేరుశనగలు) కూడా గుప్పెడు పెట్టమంటాను. గుడ్లు ముందురోజే చెప్పాలి, లేకుంటే ఉండవు.

మజ్జిగకు పూర్తి మార్కులు. మా ఊరి ఏప్రిల్ ఎండకు చెమట మామూలుగా పోదు. పోయిన ప్రతి కిలో బరువుకూ ఒకటిన్నర లీటరు దాకా ద్రవం లోపలికి పోవాలి, ఉప్పుతో సహా. అక్క స్టీలు బిందె నిండా పల్చని ఉప్పు మజ్జిగ చేసి, గ్లాసులు పక్కన పెట్టేస్తుంది, ఎవరికి ఎన్ని కావాలంటే అన్ని. మందలించాల్సింది టీ విషయంలో. తినంగానే అడక్కుండా టీ తెచ్చి పెడతారు. రక్తం తక్కువగా ఉండే వయసు పిల్లలకు తిండి వెంటనే టీ అంటే, ఆ తిండిలోని ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. ఇప్పుడు మా టేబుల్‌కు టీ రాదు.

రివ్యూల్లో ఎవరూ రాయని సంగతి ఒకటుంది. మేం పోయే గ్రౌండ్లలో చాలాచోట్ల ఆడపిల్లలకు బాత్రూం ఉండదు. అందుకని పొద్దున్నుంచీ నీళ్ళు తాగకుండా ఆడేస్తారు. ఎన్ని సలహాలు చెప్పినా ఆ భయం ముందు పనిచేయవు. ఈ మెస్సు వెనక బాత్రూంకు లోపలి గడియ ఉంది, కుళాయిలో నీళ్ళున్నాయి, చెత్తబుట్ట ఉంది. పిల్లలు వచ్చీరాగానే అటే పోతారు, తిరిగొచ్చాక గానీ మజ్జిగ గ్లాసు ముట్టరు. నాలుగు మార్కుల్లో ఒకటిన్నర దీనికే.

కారం విషయం ముందే చెప్పుకోవాలి, ఊరికున్న పేరు నిలబెట్టేలా వేస్తారు. ఫ్రిజ్‌లో కూల్‌డ్రింకులు కళ్ళముందే ఉంటాయి, వాటిని దాచమని నేనెట్లా అడగను? గోడకు టీవీ ఉంది. 2025లో థాయిలాండ్ మీద సంగీత బాస్ఫోర్ రెండు గోల్స్ కొట్టి మన మహిళల జట్టును ఆసియా కప్‌కు చేర్చినప్పటి నుంచీ, సీరియల్ మార్చమని పిల్లలు అడిగితే అక్క మారుస్తోంది. రాత్రి రాగి సంగటి, పప్పు ఉంటాయి. సంగటి ముద్దలు పెద్దవి, ఇద్దరికి ఒకటి చాలు.

తగ్గించిన ఆ ఒక్క మార్కు ఆదివారం సాయంత్రానిది. మూసేస్తారు. మా ఫైనల్స్ ఎక్కువగా ఆదివారమే.