టేపు, ఇన్సులిన్ టెస్టు, కాల్షియం స్కోరు: నలభై దాటిన మగాళ్లకు ఏది మేలు?

మా బావకూ నాకూ ఏటా ఇదే గొడవ. ఇద్దరం బెంగళూరు మారతహళ్లిలోనే ఉంటాం, ఇద్దరికీ 46, ఇద్దరివీ కూర్చుని చేసే ఉద్యోగాలే. కంపెనీ చేయించే చెకప్‌లో ట్రెడ్‌మిల్ టెస్టు నెగెటివ్ వచ్చిందంటే చాలు, ఆ రాత్రి ఆంధ్రా మెస్సులో బావ పప్పూ నెయ్యీ రెండోసారి వేయించుకుంటాడు. "గుండె గట్టిగా ఉంది బావా, ఇంకేం కావాలి?" అంటాడు.

ఆ టెస్టు చెప్పేది వేరే సంగతి. రక్తనాళం సుమారు 70 శాతం పూడితే తప్ప పరుగులో ఈసీజీ మారదు. చాలా గుండెపోట్లు అంతకంటే చిన్న పూడిక పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టడం వల్ల వస్తాయి. నొప్పీ ఆయాసమూ లేనివాడికి ఇది పెద్దగా చెప్పేదేమీ లేదు. నొప్పి ఉన్నవాడు మాత్రం ఈ పోలికలన్నీ పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

నేను ఫాస్టింగ్ ఇన్సులిన్ వైపు వెళ్లాను. షుగర్ 98, ఇన్సులిన్ 16. రెండూ గుణించి 405తో భాగిస్తే హోమా-ఐఆర్ వస్తుంది, నాకు 3.9 దాకా వచ్చింది. 2.5 దాటితే ఇన్సులిన్ రెసిస్టెన్స్, అంటే ఒళ్లు ఇన్సులిన్ మాట సరిగా వినడం లేదని చాలామంది లెక్కేస్తారు. కానీ ఇన్సులిన్ అంకె ల్యాబుకీ ల్యాబుకీ మారుతుంది, అందరూ ఒప్పుకున్న హద్దు లేదు. పైగా అది చెప్పిన సంగతి నా పాత లిపిడ్ రిపోర్టులో అప్పటికే ఉంది.

ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో కొవ్వు) 210, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 35. ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే 6. ఈ నిష్పత్తి 3 దాటితేనే అనుమానించాలి. ఇన్సులిన్ మాట కండరాలు వినకపోతే ప్యాంక్రియాస్ ఇంకా ఎక్కువ వదులుతుంది, అందుకే షుగర్ ఏళ్ల తరబడి మామూలుగా కనిపిస్తుంది. ఈలోగా లివర్ ట్రైగ్లిజరైడ్లను రక్తంలోకి తోస్తూ ఉంటుంది. హెచ్‌డీఎల్ పడిపోతుంది, ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) కణాలు చిన్నవై, వాటి సంఖ్య పెరుగుతుంది. నా ఎల్‌డీఎల్ 112 చూసి "పర్లేదు" అన్నారు. అది కణాల్లో ఉన్న కొలెస్ట్రాల్ లెక్కే కానీ కణాల లెక్క కాదు. ఆ లెక్క కావాలంటే అపో-బి అనే రక్తపరీక్ష చేయించాలి.

ఇక టేపు. మన మగాళ్లకు నడుము చుట్టుకొలత హద్దు 90 సెంటీమీటర్లు. నా ప్యాంటు సైజు పదేళ్లుగా 36 దాటలేదని గర్వంగా ఉండేది. అసలు సంగతేంటంటే, బెల్టు పొట్ట కిందికి జారింది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య, ఊపిరి వదిలాక కొలిస్తే 99!

అయితే ఇవన్నీ నిప్పు ఉందని చెప్తాయి గానీ ఇల్లు ఎంత కాలిందో చెప్పవు. దానికి కాల్షియం స్కోరు కావాలి, అంటే గుండె రక్తనాళాల్లో పేరుకున్న కాల్షియాన్ని సీటీ స్కాన్‌తో లెక్కేయడం. ఇంజెక్షన్ ఉండదు, కాసేపు ఊపిరి బిగబట్టాలి, రేడియేషన్ సుమారు 1 మిల్లీసీవర్ట్. నాకు 64 వచ్చింది. నా వయసు మగాళ్లలో ఎక్కువమందికి సున్నా వస్తుంది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు వేసుకోవాలా వద్దా అని డాక్టరూ నేనూ నాన్చుతున్న విషయం ఆ రోజే తేలింది.

దీనికీ లోపముంది. గట్టిపడిన పూడికే కనిపిస్తుంది, మెత్తనిది కనిపించదు. కాబట్టి సిగరెట్ తాగేవాడికి, షుగర్ ఉన్నవాడికి సున్నా వచ్చినా పూర్తి అభయం కాదు. ఏటా చేయించడమూ దండగే. స్టాటిన్ వల్ల స్కోరు కొంచెం పెరగొచ్చు కూడా.

నన్నడిగితే ముందు టేపూ లిపిడ్ నిష్పత్తీ, మందు విషయంలో ఎటూ తేలకపోతే ఒక్కసారి కాల్షియం స్కోరు. ఇన్సులిన్ టెస్టు డబ్బులు మిగుల్చుకోవచ్చు. మరీ ముందా అనకండి: 52 దేశాల ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వచ్చింది, మిగతా వాళ్లకు 59 దగ్గర.

మొన్న ఆదివారం బావ చేతికి టేపు ఇచ్చాను. ఊపిరి బిగబట్టి కొలుచుకున్నాడు. "వదిలి కొలువు బావా" అన్నాను. టేపు చుట్టేసి బల్ల మీద పెట్టి, టీ అడిగాడు.