బాఖ్ ఇ మైనర్ ప్రెల్యూడా, సిలోటి బి మైనర్ ప్రెల్యూడా: ఏది మేలు?

నా దగ్గర పియానో నేర్చుకునేవాళ్ళలో కాస్త చెయ్యి తిరిగిన ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న అడుగుతారు. పియానిస్టు ఎమిల్ గిలెల్స్ వాయించిన సిలోటి ప్రెల్యూడ్ (చిన్న వాద్య రచన) వింటారు, మనసు అక్కడే ఉండిపోతుంది. తీరా చూస్తే అది జర్మన్ స్వరకర్త బాఖ్ ఇ మైనర్‌లో రాసినదానికి సిలోటి చేసిన మార్పు అని తెలుస్తుంది. "మరి అసలుదే నేర్చుకుంటే పోలేదా మాస్టారూ?" అంటారు. మొన్న ఇంట్లో నలుగురి ముందు వాయించడానికి నాకూ ఏదో ఒకటి తేల్చుకోవాల్సి వచ్చింది. రెండు వారాలు రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను.

నిజానికి ఇక్కడున్నవి మూడు. 1720లో తొమ్మిదేళ్ళ పెద్దకొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమాన్ కోసం బాఖ్ మొదలుపెట్టిన పుస్తకంలో ఒక చిన్న ఇ మైనర్ ప్రెల్యూడ్ ఉంది. 1722 నాటి 'వెల్ టెంపర్డ్ క్లావియర్' అనే తన కీబోర్డు రచనల సంకలనం మొదటి భాగంలోకి దాన్ని తెచ్చేటప్పుడు, కుడిచేతికి పొడుగాటి పాటలాంటి వరస చేర్చి, చివర్లో 'ప్రెస్టో' (చాలా వేగంగా) అని కొత్త భాగం అతికించాడు. పియానిస్టు అలెగ్జాండర్ సిలోటి, స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్‌కి శిష్యుడు, రష్యన్ స్వరకర్త రహ్మానినోవ్‌కి అన్న వరస. ఆయన తీసుకున్నది కొడుకు పుస్తకంలోని మొదటి రూపాన్ని. సిలోటి ప్రెస్టోని కోసేశాడని కొందరు నొచ్చుకుంటారు గానీ, ఆయన పట్టుకున్న రూపంలో అసలు ప్రెస్టోనే లేదు.

అందరూ ముందు పట్టుకునేది కీ సంగతి, అంటే రచనకి ఆధారమైన శ్రుతి. ఇ మైనర్ కన్నా బి మైనర్‌లో దుఃఖం ఎక్కువా? మన పాట విన్న చెవితో ఆలోచించండి. ఒకటిన్నర శ్రుతిలో పాడినా, అయిదు శ్రుతిలో పాడినా ముఖారి ముఖారే. నేను డిజిటల్ పియానోలో ట్రాన్స్‌పోజ్ మైనస్ 7 (శ్రుతి ఏడు అరస్వరాలు కిందికి) పెట్టి సిలోటిని వాయించి చూశాను. ఇ మైనర్‌లోకి దిగింది, కాస్త బరువెక్కింది, కింది స్వరాలు కొంచెం బురదగా కలిసిపోయాయి. కానీ సిలోటి సిలోటిలాగే ఉంది. తర్వాత ప్లస్ 7 పెట్టి బాఖ్ మొదటి రూపాన్ని వాయించాను. బి మైనర్‌కి ఎక్కినా ఆ మెత్తదనం రాలేదు.

తేడా తెచ్చింది చేతులు. బాఖ్‌లో సెమీక్వేవర్లు (బీట్‌కి నాలుగు చొప్పున వచ్చే చిన్న స్వరాలు) ఎడమచేతిలో ఉంటాయి, కింద ఆగకుండా నడుస్తుంటాయి. వాటి వల్లే ఆ ముక్కకి ఒక పట్టుదల, ఒక తరుముడు వస్తుంది. సిలోటి వాటిని కుడిచేతికి, పైకి తీసుకెళ్ళాడు. అదే నడక పైన వినిపించేసరికి, కిటికీ బయట సన్నగా పడుతున్న వానలా అయిపోయింది. కింద ఎడమచేతి కార్డ్‌లు (కలిసి మోగే స్వరాల గుంపులు) నెమ్మదిగా ఒక్కొక్కటే వస్తాయి. మొత్తం వాయించాక మళ్ళీ మొదటినుంచి వాయించమంటాడు. నాకు ప్రాణం అక్కడే. రెండోసారి స్వరాలేమీ మారవు, కానీ ఎడమచేతి బొటనవేలు నొక్కే పై స్వరాలని కొంచెం బయటికి తేవాలి. అంతసేపూ కార్డ్‌ల మధ్యలో దాగి ఉన్న పాట ఒకటి అప్పుడు వినిపిస్తుంది. బొటనవేలిని కీ మీద పడెయ్యకుండా, ముందే ఆనించి బరువు దించాలి. పడేస్తే ఠంగుమంటుంది, పాట పోతుంది. నాకు ఆ ఒక్క బొటనవేలికే నాలుగు రోజులు పట్టింది.

వేగం దీన్ని బట్టే తేలుతుంది. మెట్రోనోమ్‌ని (తాళం కొలిచే పరికరం) నిమిషానికి 70 బీట్లు దాటిస్తే ఆ లోపలి పాట స్వరానికి స్వరం అతుక్కోదు, కుడిచెయ్యి ఎట్యూడ్‌లా (వేళ్ళ సాధన కోసం రాసిన ముక్కలా) వినబడుతుంది. మరీ 40కి దించితే ఒక స్వరం ఆరిపోయాక గానీ ఇంకోటి రాదు. 'వెల్ టెంపర్డ్' రూపంలో సమస్య వేరే. మొదట్లో బాఖ్ వేగం ఏమీ రాయలేదు, 23వ బార్ (తాళపు ఆవర్తం) దగ్గర మాత్రం ప్రెస్టో అన్నాడు. మొదటి సగం సాగదీసి వాయిస్తే ప్రెస్టో వేరే ముక్కలా ఊడిపడుతుంది. కుడిచేతి వరస అలంకారాలు తొణక్కుండా, కింది నడక ఆగకుండా, ప్రెస్టోకి దారి ఉంచుకుని వాయించాలి. అది గొప్ప రచన, అందులో నాకేం సందేహం లేదు. దుఃఖం చివరికి ఆందోళనగా మారే ఆ మలుపు సిలోటిలో దొరకదు. వెనకే వచ్చే రెండు గొంతుల ఫ్యూగ్ (ఒకే వరసని గొంతులు ఒకదాని వెనక ఒకటి అందుకునే రచన) కూడా నేర్చుకునే ఓపిక ఉంటే, తప్పకుండా ఇదే తీసుకోండి.

కొడుకు కోసం రాసిన మొదటి రూపం? ఎడమచేతి సాధనకి మంచిది, అంతవరకే.

పెడల్ లేని 61 కీల కీబోర్డు మాత్రమే ఉన్నవాళ్ళు సిలోటి జోలికి ఇప్పుడే వెళ్ళకండి. పెడల్ పట్టి ఉంచకపోతే ఎడమచేతి కార్డ్‌లు తెగిపోతాయి. బాఖ్ రాసింది పెడల్ లేని వాద్యాలకే కాబట్టి ఆ రెండు రూపాలూ మీ కీబోర్డు మీద నిలబడతాయి.

పెడల్ ఉన్నవాళ్ళకి నా ఓటు సిలోటికే. మొన్న నేను వాయించింది అదే, 54 దగ్గర. మొదటిసారి వాయిస్తున్నంతసేపూ వెనక కుర్చీలు కదులుతున్న చప్పుడు వినబడింది. రెండోసారి బొటనవేలి పాట మొదలయ్యాక ఆ చప్పుడు లేదు.