1969 షెవ్రొలే కమారో కారు: 15 అంగుళాల చక్రాలా, 17 అంగుళాలవా?

ఎత్తు: 235/60ఆర్15 టైరు (వెడల్పు మిల్లీమీటర్లలో, గోడ ఎత్తు ఆ వెడల్పులో శాతంగా, రిమ్ము అంగుళాల్లో) 663 మిల్లీమీటర్లు, 255/45ఆర్17 టైరు 661. అందుకే స్పీడోమీటరు చూపే వేగం దాదాపు మారదు.

టైరు గోడ: 15లో 141 మిల్లీమీటర్లు, గుంతల్ని మింగేస్తుంది. 17లో 115. మలుపులో కారు గట్టిగా నిలబడుతుంది గానీ గుంత దెబ్బ నేరుగా రిమ్ముకే.

బ్రేకులు: 13 అంగుళాల డిస్కులు 15 రిమ్ములో పట్టవు.

ఖర్చు: 15 చవక. వేగానికి తగ్గ టైర్లే ఆ సైజులో అరుదు.

అసలు చిక్కు బ్యాక్‌స్పేసింగ్, అంటే చక్రం హబ్‌కు బిగించే చోటు నుంచి రిమ్ము లోపలి అంచుదాకా ఉండే దూరం. అది తక్కువైతే స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు టైరు ఫెండర్ అంచును గీరుతుంది, ఎక్కువైతే లోపలి సస్పెన్షన్‌కు తగులుతుంది. కొనేముందు స్టీరింగ్ రెండువైపులా చివరిదాకా తిప్పి, కారు బరువు చక్రాల మీదే ఉంచి, ఖాళీ కొలవండి.

పాత రూపం, డ్రమ్ము బ్రేకులు, ఆదివారం షికార్లు: 15. పెద్ద బ్రేకులు, ట్రాక్, హైవే: 17.