హైదరాబాద్ ఎండల్లో మెరైన్ ట్యాంక్: చిల్లర్ బదులు ఫ్యాన్ వాడితే

ఉప్పునీటి చేపలు పెంచాలనుకునేవాళ్లు ముందుగా నీళ్లలోని మురికిని నురగగా తీసే స్కిమ్మర్ గురించి, మేలు చేసే సూక్ష్మజీవులుండే లైవ్ రాక్ రాళ్ల గురించి అడుగుతారు. పైఅంతస్తు ఫ్లాట్‌లో ఉంటున్న నన్నడిగితే, ముందు నీళ్ల వేడి సంగతి చూసుకోమంటాను. మా 150 లీటర్ల ట్యాంకులో ఓ జత క్లౌన్‌ఫిష్ ఉన్నాయి. ఏళ్ల తరబడి వాటిని వేసవి గట్టెక్కిస్తున్నది నీళ్లను చల్లబరిచే యంత్రమైన చిల్లర్ కాదు, గాజు అంచుకు తగిలించే 12 వోల్టుల చిన్న ఫ్యాన్.

ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్ లేకపోతే మధ్యాహ్నానికి నీళ్లు 31 డిగ్రీలు దాటేస్తాయి. ఫ్యాన్ తిరిగితే 28 దగ్గర ఆగుతాయి. మట్టికుండలో నీళ్లు చల్లబడ్డట్టే, ఆవిరి పోతూ పోతూ వేడిని పట్టుకుపోతుంది. చిల్లర్‌కు పెట్టాల్సిన డబ్బులో ఇది ఏ మూలకి? మొదటి వేసవి గడిచాక, చిల్లర్ కొనడం దండగని కనిపించినవాళ్లందరికీ చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను.

ఒక మే నెల మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "ఒరేయ్, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయిరా, ఆ ఫ్యాను తిరగట్లేదు" అంది. కరెంటు ఉంది, అడాప్టర్ లైటు వెలుగుతోంది, ఫ్యాన్ మాత్రం కదలడం లేదు. ఉప్పునీళ్లలో మామూలుగానే మంచినీళ్లకన్నా ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. వేడెక్కితే అది ఇంకా తగ్గుతుంది. ట్యాంకులో నీళ్లను కదిలించే పంపు, అదే వేవ్‌మేకర్, మూతి పైకి తిప్పి నీటి పైభాగం కదిలేలా చెయ్యమన్నాను. ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఉంచిన సీసాలను పైన కడిగి, ఒకటి కరిగాకే ఇంకొకటి వెయ్యమన్నాను. చేపలకు వేడెంత చేటో, నీళ్లు ఒక్కసారిగా చల్లబడినా అంతే చేటు. నేను ఇల్లు చేరేసరికి రెండు చేపలూ కిందికి దిగి రాళ్ల మధ్య తిరుగుతున్నాయి. అమ్మ మాత్రం ట్యాంకు ముందు కుర్చీ వేసుకుని కూర్చునే ఉంది.

ఫ్యాన్ విప్పి చూస్తే రెక్కల వెనక తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. బేరింగ్ పట్టేసింది. మెరైన్ ట్యాంక్ కోసమని అమ్మే వస్తువుకి ఉప్పు తుంపర పడితే తట్టుకునే బేరింగ్ పెట్టకపోతే ఎలా? ఆ కోపం నాకింకా తగ్గలేదు. ఇప్పుడు రెండు ఫ్యాన్లు, రెండు వేర్వేరు అడాప్టర్లు. వారానికోసారి తీసి తడిగుడ్డతో తుడుస్తాను.

ఇంకో ఖర్చు నీళ్లు. ఎండాకాలంలో రోజుకు నాలుగు లీటర్ల దాకా ఆవిరవుతాయి. పోయేది నీళ్లే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. మా ట్యాంకులో సెలినిటీ, అంటే కిలో నీళ్లలో ఉండే ఉప్పు, 35 గ్రాములు ఉంటే ఒక్కరోజులో 36కి చేరుతుంది. కాబట్టి తగ్గినంతా ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్లతోనే నింపాలి. ఊరెళ్తే ఆ పని చేసే మనిషి కావాలి, లేదా తగ్గిన నీళ్లను దానంతటదే నింపే ఆటో టాప్ అప్ పెట్టుకోవాలి.

విశాఖలో మా తమ్ముడూ ఇలాంటి ఫ్యానే పెట్టాడు. అక్కడి ఉక్కపోతకు ఒక డిగ్రీ తగ్గడమే కష్టమైంది, చివరికి చిల్లర్ కొన్నాడు. సముద్రం పక్కన ఊళ్లవాళ్లకు నేను ఫ్యాన్ చెప్పను. రాతి పగడాలు పెంచాలనుకునేవాళ్లకూ చెప్పను. అసలు అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, వాటి జోలికి పోకపోవడమే మంచిది.

మా ఇంట్లో పగలంతా అమ్మ ఉంటుంది, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంది, ఉన్నవి రెండే చేపలు. అందుకని మాకు ఫ్యాన్ చాలు. భార్యాభర్తలిద్దరూ పొద్దున వెళ్లి రాత్రికి వచ్చే ఇల్లయితే మాత్రం, చిల్లర్‌కు డబ్బు కూడేదాకా చేపలు కొనకుండా ఆగమంటాను.