జరీనా కాగితపు కళ: ఒక ప్రదర్శన గ్రంథంపై సమీక్ష

1937లో అలీగఢ్‌లో పుట్టి, గణితం చదివి, పారిస్‌లో ముద్రణ కళాకారుడు స్టాన్లీ విలియం హేటర్ వద్ద ముద్రణకళ నేర్చి, న్యూయార్క్‌లో స్థిరపడిన జరీనా హష్మీకి కాగితం జీవితాంతం ప్రధాన మాధ్యమంగా నిలిచింది. 2012లో లాస్ ఏంజెలెస్‌లోని హ్యామర్ మ్యూజియంలో మొదలై, మరుసటి సంవత్సరం న్యూయార్క్‌లోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియంకు చేరిన ఆమె పునరావలోకన ప్రదర్శనకు అనుబంధంగా వెలువడినదే ఈ గ్రంథం.

భారత్-పాకిస్తాన్ విభజన రేఖను చూపే 2001 నాటి వుడ్‌కట్ (చెక్కపలకను చెక్కి, సిరా పూసి తీసే అచ్చు) ఇందులో నన్ను ఎక్కువసేపు నిలిపింది. సరిహద్దును గీయడానికి బదులు, దాని చుట్టూ ఉన్న చెక్కనంతా చెక్కి తొలగించి, మిగిలిన గీతకే సిరా పూసి అద్దడం వల్ల, ఆ నల్లని వంకర ఒక గాయపు మచ్చలా కనిపిస్తుంది. ఇల్లు అనే భావన చుట్టూ ఉర్దూ మాటలతో అల్లిన 1999 నాటి 36 వుడ్‌కట్‌ల వరుస కూడా పుస్తకరూపంలో చక్కగా ఒదుగుతుంది. అసలు ఆ వరుసను గోడ మీద కంటే చేతిలో ఉంచుకుని చదవడమే నాకు నచ్చింది.

అయితే 1970లలో ఆమె సూదితో కాగితాన్ని పొడిచి చేసిన చిత్రాలకు, ఆ తరువాత కాగితపు గుజ్జును అచ్చుల్లో పోసి మలచిన శిల్పాలకు ఛాయాచిత్రం న్యాయం చేయలేదు. పక్కనుంచి పడే వెలుతురులో తెలిసే ఎత్తుపల్లాలు, నునుపైన పుట మీద చదునైపోతాయి. ముద్రణకళ విద్యార్థులు దీన్ని తప్పక కొనవచ్చు. గుజ్జు శిల్పాల కోసమే వెతికేవారు మాత్రం మ్యూజియంకు వెళ్లడమే మేలు.