ఎదురుగా కనిపించేదా, అంచు వైపు నుంచి కనిపించేదా: ఏ గెలాక్సీ మేలు?

పళ్ళెంలా పల్చగా పరుచుకున్న డిస్క్ గెలాక్సీ నిర్మాణం అర్థం కావాలంటే ఏ ఫొటో ముందు పెట్టుకోవాలి? అందరూ చూపించేది ఎం51 అనే సుడి గెలాక్సీ. సప్తర్షి మండలం తోక చివరి మరీచి నక్షత్రానికి దగ్గరలోనే ఉంటుంది. 1845లో ఐర్లండ్‌లోని బిర్ కోటలో లార్డ్ రోస్ 72 అంగుళాల టెలిస్కోపుతో చూసి సుడి ఆకారం గీసింది దీనికే.

ఎం51 దాదాపు మనకు ఎదురుగా తిరిగి ఉంటుంది. అందుకే నడిమి నుంచి సుడి తిరుగుతూ సాగే ఒక్కో భుజాన్నీ విడిగా చూడొచ్చు. లోపలి అంచున నల్లటి ధూళి చారలు, వాటిని ఆనుకుని గులాబీ రంగు హైడ్రోజన్ మబ్బులు, నీలంగా మెరిసే కుర్ర నక్షత్రాలు. వాయువు భుజంలోకి వచ్చి నొక్కుకుపోతే నక్షత్రాలు పుడతాయి, ఆ వరసే ఇది. భుజమంటే ఎప్పుడూ అవే నక్షత్రాలు కావు, అవి వచ్చిపోతున్నా నిలిచి ఉండే రద్దీ అని 1964లో శాస్త్రవేత్తలు లిన్, షు వివరించారు. ఎం51లో పక్కనున్న చిన్న గెలాక్సీ లాగుడు కూడా తోడైంది.

కాకపోతే ఈ అందం కాస్త మోసం చేస్తుంది. భుజాల మధ్య ఖాళీ అనిపిస్తుంది గానీ అక్కడా పాత నక్షత్రాలు బోలెడు. పైగా మందం సంగతి అసలు తెలియదు. అప్పడాన్ని పైనుంచి ఎంతసేపు చూసినా దాని మందం తెలుస్తుందా?

అందుకు ఎన్‌జీసీ 4565, ఎన్‌జీసీ 891 అనే గెలాక్సీలు కావాలి. రెండూ అంచు వైపు నుంచి సన్నటి గీతల్లా కనిపిస్తాయి. మొదటిదాని నడిమి ఉబ్బు కొంచెం డబ్బా ఆకారంలో ఉంటుంది, లోపల నక్షత్రాలు కడ్డీలా బారుగా చేరి ఉన్నాయనడానికి అది గుర్తు. 891లో నల్లటి ధూళి పట్టీ నుంచి పోగులు వందల కాంతి సంవత్సరాల ఎత్తుకు లేస్తాయి. పేలిన నక్షత్రాలు గ్యాస్‌ని పైకి తోసిన ఆనవాళ్ళవి. మన పాలపుంతకు పల్చటి డిస్క్‌తో పాటు మందపాటిదీ ఉందని 1983లో ఖగోళ శాస్త్రవేత్తలు గిల్మోర్, రీడ్ చూపించారు. బయటి గెలాక్సీల్లో అలాంటి రెండో పొర కోసం వెతకాలంటే ఈ అంచు ఫొటోలే దిక్కు. భుజాలు మాత్రం కనిపించవు.

ఇక తిరిగే వేగం. పూర్తిగా ఎదురుగా ఉన్న గెలాక్సీలో నక్షత్రాలు మనవైపు రావు, దూరంగా పోవు. కాబట్టి డాప్లర్ పద్ధతితో (దగ్గరికి వచ్చేదాని, దూరంగా పోయేదాని కాంతి రంగులో వచ్చే తేడాను బట్టి వేగం లెక్కించడం) కొలవడానికి దాదాపు ఏమీ ఉండదు. అంచు వైపు నుంచి చూస్తే వేగం పూర్తిగా దొరుకుతుంది, కానీ ఒకే చూపులో డిస్క్ ముందు భాగం, వెనక భాగం కలిసిపోతాయి. 1970లో ఖగోళ శాస్త్రవేత్తలు వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ నడిమి నుంచి బయటికి వెళ్ళినా వేగం పెద్దగా పడిపోలేదని కొలిచింది వాలుగా ఉన్న ఆండ్రొమెడా గెలాక్సీలోనే. అయితే దాని వాలు మరీ ఎక్కువ, 77 డిగ్రీల దాకా (పూర్తిగా ఎదురుగా ఉంటే 0, అంచు వైపు అయితే 90). భుజాల్ని విడదీసి చూడటం కష్టం.

ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు ఎం81 గెలాక్సీకి. సుమారు 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరం, 60 డిగ్రీల వాలు. భుజాలూ కనిపిస్తాయి, వేగమూ కొలవొచ్చు. మందం కోసం మాత్రం మళ్ళీ 891 తెరవాల్సిందే.