అమ్మ కోసం చేయించిన ఆల్బమ్: నాలుగేళ్ళు వాడాక

అమ్మకి అల్జైమర్స్ అని తెలిసి ఐదేళ్ళు దాటింది. అప్పటి నుంచి గుంటూరులో మా దగ్గరే ఉంటోంది. ఈ జబ్బు ఉన్నవాళ్ళకి పాత సంగతులు గుర్తు చేస్తే మంచిదని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. ఆ మాట పట్టుకుని మేం కొన్ని వస్తువులు కొన్నాం, కొన్ని ఇంట్లోనే తయారు చేసుకున్నాం. ఇప్పటికీ రోజూ అమ్మ ఒళ్ళో కనిపించేది మాత్రం స్టూడియోలో ప్రింట్ వేయించిన ఫోటో ఆల్బమ్ ఒక్కటే. ఇంట్లో ఇలాంటి పెద్దవాళ్ళు ఉన్నవారికి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

దీనివల్ల జబ్బు తగ్గదు, ఆగదు. ఇలా పాత జ్ఞాపకాలను కదిలించే పద్ధతి మీద జరిగిన పరిశోధనలను పరిశీలించి 2018లో కోక్రేన్ అనే వైద్య పరిశోధనల సమీక్ష సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. ప్రయోజనం కొంత ఉంది, అది చిన్నదే, అందరికీ ఒకేలా ఉండదు అన్నది దాని సారాంశం. మా అనుభవం కూడా అంతే. కానీ ఆ కొంత మా ఇంట్లో రోజుకో అరగంట నవ్వు. అది నాకు చిన్నదిగా అనిపించలేదు.

అల్జైమర్స్ మొదట్లోనే దెబ్బతీసేది మెదడులోని హిప్పోక్యాంపస్‌ని. కొత్త సంగతులు నిలవాలంటే అది పనిచేయాలి. అందుకే పొద్దున టిఫిన్ తిన్న సంగతి అమ్మకి పదింటికే ఉండదు. పెళ్ళికి ముందు చీరాల పక్కనున్న పేరాలలో, అంటే తన పుట్టింటి ఊళ్ళో, ఏ ఇంట్లో ఎన్ని మగ్గాలు ఆడేవో మాత్రం చెబుతుంది. పదేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళ వయసు మధ్య జరిగినవి ఎక్కువ కాలం నిలుస్తాయంటారు. ఆల్బమ్ కోసం ఫోటోలు ఏరేటప్పుడు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. మనవల పుట్టినరోజు ఫోటోలు మనకి ముద్దు. అమ్మ వాటిని ఎవరి పిల్లలో అన్నట్టు చూసి పేజీ తిప్పేస్తుంది.

పేజీకి ఒకటే ఫోటో పెట్టించాం. ఇరవై మంది ఉన్న పెళ్ళి ఫోటోలు వద్దనుకున్నాం, అన్ని ముఖాలు ఒకేసారి చూస్తే అమ్మకి గాభరా. కాగితం మ్యాట్‌దే తీసుకోండి. నిగనిగలాడే కాగితం మీద ట్యూబ్‌లైట్ వెలుగు పడితే వయసు మళ్ళిన కళ్ళకి బొమ్మ కనపడదు. ఫోటో కింద పెద్ద అక్షరాలతో రెండు వాక్యాలు, అదీ అమ్మ మాటల్లోనే రాయించాం. "ఇది పేరాలలో మా ఇల్లు. నేను కండెలు చుడుతున్నాను." చదవడం అమ్మకి చాలాకాలం పోలేదు. వేలు పెట్టి గట్టిగా చదివి, ఆ తర్వాత తన సొంత కథ మొదలుపెట్టేది. ఆ ఇంటి ఫోటో చూస్తే చాలు, 1921లో పన్నుల మీద పంతం పట్టి చీరాల, పేరాల జనం ఇళ్ళు వదిలి రామనగరం పాకల్లోకి వెళ్ళిన వైనం వాళ్ళ నాయనమ్మ చెప్పింది చెప్పినట్టు చెప్పేది. పుస్తకాల్లో చదివిన చీరాల పేరాల ఉద్యమం నాకు ఇంట్లో మనిషి మాటల్లో వినపడింది ఈ ఆల్బమ్ వల్లే.

ఫోటో కింద ప్రశ్నలు రాయించకండి. "ఇది ఎవరు?" అని కనపడితే అది పరీక్ష అయిపోతుంది. చూడటానికి వచ్చే చుట్టాలు కూడా ముందు అడిగేది ఇదే. "నేనెవరో చెప్పు చూద్దాం పిన్నీ!" జవాబు రాకపోతే అమ్మ ముఖం వాడిపోతుంది, వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు, ఆ సాయంత్రమంతా పాడవుతుంది. అందుకని ఒక చిన్న కార్డు మీద నాలుగు మాటలు రాసి, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళతో పాటు చేతికిస్తాను. మీ పేరు మీరే చెప్పండి. గుర్తుందా అని అడగొద్దు. తప్పు చెబితే దిద్దొద్దు. పేజీ ఆవిడే తిప్పుతుంది. అంతే. ఆ కార్డు వచ్చాక మా మేనత్త రెండు గంటలు కూర్చుని వెళ్ళింది. అంతకుముందు పది నిమిషాలు కూర్చోవడమే కష్టంగా ఉండేది, ఏం మాట్లాడాలో తెలియక. ఆల్బమ్ వల్ల అమ్మకెంత మేలో, వచ్చినవాళ్ళకీ అంత మేలు.

అన్ని జ్ఞాపకాలూ కదపదగినవి కావు. 1977 నవంబరు 19 తుపాను చీరాల దగ్గరే తీరం దాటింది. అప్పుడు పైకప్పు లేచిపోయాక తీసిన ఫోటో ఒకటి మొదటి ప్రింట్‌లో ఉండేది. ఒకరోజు ఎవరో దాని గురించి వివరంగా అడిగారు. ఆ రాత్రంతా అమ్మ పిల్లలు ఇంటికి చేరారా అంటూ తలుపు దగ్గరే నిలబడింది. అమ్మకి అది ఎప్పటిదో కాదు, అప్పుడే జరుగుతోంది. ఆ పేజీ తీసేయించాం.

నాన్న ఫోటోలు మాత్రం ఉంచాం. పోయిన తేదీ ఎక్కడా వేయలేదు, దండ వేసిన ఫోటో పెట్టలేదు. "మీ నాన్న ఇంకా రాలేదేం?" అని అమ్మ అడుగుతుంది. పోయారని చెబితే ప్రతిసారీ అది కొత్త చావే, ప్రతిసారీ మొదటిసారి ఏడ్చినట్టే ఏడుస్తుంది. "నాన్న మీద బెంగగా ఉందా అమ్మా?" అంటూ మగ్గం గుంటలో ఆయన కూర్చున్న పేజీ తీస్తాను. చీరెల మూట భుజాన వేసుకుని ఆయన ఎక్కడెక్కడ తిరిగేవారో చెబుతూ నెమ్మదిస్తుంది. దీన్ని అబద్ధం అనేవాళ్ళు ఉన్నారు. నేను అనను.

ఆల్బమ్‌తో పాటు అట్టపెట్టెలో నాలుగు వస్తువులు ఉంచాం: నూలు చిలప (నూలు చుట్ట), నూలు చుట్టే ఖాళీ కండెలు, మగ్గంలో అటూ ఇటూ ఆడే చెక్క నాడె, నాన్న కళ్ళజోడు. మాటలు తగ్గిపోతున్న కొద్దీ ఈ పెట్టె విలువ పెరిగింది. ఇప్పుడు అమ్మకి చదవడం దాదాపు పోయింది. కండె ఇస్తే మాత్రం వేళ్ళు వాటంతట అవే నూలు చుట్టేస్తాయి. చేతులు నేర్చుకున్న పని ఉండేచోటు మెదడులో వేరే, అది ఆలస్యంగా దెబ్బతింటుంది. మీ ఇంట్లో నూలు బదులు చేటా బియ్యమో, పూలమాలో, రెంచీ స్పానరో ఉండొచ్చు. ఆ మనిషి ఏళ్ళ తరబడి చేసిన పని ఏదైతే అది.

ముందే పాటలు నింపి వచ్చే రేడియోలాంటిది కూడా కొన్నాం. ఘంటసాల పాడినవి వస్తే అమ్మ పాదం ఆడిస్తుంది, పల్లవి అందుకుంటుంది కూడా. పగలల్లా పెడితే చికాకు. బటన్లు ఎక్కువ, తనంతట తాను పెట్టుకోలేదు. మనం పక్కన కూర్చునే తీరిక ఉంటే మంచి వస్తువే.

డిజిటల్ ఫోటో ఫ్రేమ్ తమ్ముడు డాలస్ నుంచి పంపాడు, అది మాకు పనికిరాలేదు. కొన్ని సెకన్లకో బొమ్మ మారిపోతుంటే మనుషులు మాయమవుతున్నట్టు అమ్మ భయపడింది. వీడియో కాల్‌లో కూడా తెర మీది మనిషి కంటే ఆల్బమే మేలు. తమ్ముడి దగ్గర ఇదే ఆల్బమ్ ఇంకో కాపీ ఉంది. ఇద్దరూ ఒకే పేజీ తెరిచి మాట్లాడుకుంటారు, అమ్మ తెర వంక చూడకపోయినా వాడి గొంతు వింటుంది.

సాయంత్రం ఐదు దాటితే "మా ఇంటికి పోతా" అని లేస్తుంది. ఈ జబ్బులో చాలామందికి పొద్దుగూకే వేళకి అలజడి ఎక్కువవుతుంది. లైట్లు ముందుగానే వేసి, పేరాల ఇంటి పేజీ తీసి కూర్చుంటే చాలా రోజులు కుదుటపడుతుంది. కొన్ని రోజులు పడదు. మనిషి ఒకటి రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి మారిపోతే మాత్రం ఆల్బమ్‌తో కాలయాపన చేయకుండా డాక్టరుకి చూపించండి. మా అమ్మకి ఒకసారి అలా అయితే అది మూత్రంలో ఇన్ఫెక్షన్ అని తేలింది. మందులు వాడాక చాలావరకు మామూలైంది. ఎవరిని అడగాలో తెలియకపోతే పెద్దల కోసం కేంద్రం నడిపే ఎల్డర్‌లైన్ అనే ఫోన్ సహాయ నంబరు 14567 ఉంది, ఉచితమే.

ఖర్చు మాకు ఒక్కో కాపీకి రెండు వేల లోపే అయింది. ఏడాదికోసారి మళ్ళీ ప్రింట్ వేయిస్తున్నాం. అమ్మ చేతిలో పేజీలు నలుగుతాయి, మీద పాలు ఒలుకుతాయి. ప్రతిసారీ పేజీలు తగ్గిస్తూ, ఫోటో పెద్దది చేస్తూ వచ్చాం. నలభై పేజీలతో మొదలైంది ఇప్పుడు పన్నెండు పేజీలు, అక్షరాలు కూడా లేవు. ఫైలు దగ్గర పెట్టుకోండి, స్టూడియో వాళ్ళు కొన్నాళ్ళకి తీసేస్తారు. ఇంకొకటి, జబ్బు తొలిదశలో ఉండగానే మొదలుపెట్టండి. మా పాత ఫోటోల్లో అమ్మ పక్కన నవ్వుతూ నిలబడ్డ అమ్మాయి ఒకరున్నారు. మొదటి ఏడాది అమ్మ ఆ పేరు చెప్పింది, వాళ్ళ ఇల్లు ఎక్కడో కూడా చెప్పింది. అది ఫోటో వెనక రాసి ఉంది కాబట్టే ఇప్పుడు నేను అమ్మకి చెప్పగలుగుతున్నాను.